మెదడులోకి చేరే ప్రొటీన్ డిగ్రేడర్లు, మల్టిపుల్ స్క్లెరోసిస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఎస్‌కు ఇప్పటికే చాలా మందులున్నాయి కదా, ఇంకో రకం దేనికి?

ఉన్నవి చాలావరకు ఒకే పనిని బాగా చేస్తాయి కాబట్టి. ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) అంటే రోగనిరోధక వ్యవస్థ మెదడులో, వెన్నుపాములో నాడీతంతువుల పైపొర అయిన మయలిన్‌ను దెబ్బతీసే జబ్బు. 1993లో అమెరికాలో మొదటి బీటా ఇంటర్‌ఫెరాన్‌కు అనుమతి వచ్చిన నాటి నుంచి మందుల లక్ష్యం దాదాపు ఒక్కటే: రక్తంలో తిరిగే రోగనిరోధక కణాలు మెదడు మీద, వెన్నుపాము మీద దాడికి దిగకుండా ఆపడం. ఆ విషయంలో సాధించింది చిన్నదేమీ కాదు. వ్యాధి తిరగబెట్టడం నేటి మందులతో బాగా తగ్గింది. ఎంఆర్‌ఐలో కొత్త మచ్చ ఒక్కటీ లేకుండా ఏళ్లు గడుపుతున్నవారు ఎందరో ఉన్నారు.

అయినా వారిలోనే కొందరికి నడక ఏటేటా భారమవుతూ వస్తుంది. స్కాన్ బాగుందని డాక్టరు చెబుతారు. మెట్లెక్కేటప్పుడు కాలు మాత్రం వెనకటిలా సహకరించదు. రెండూ నిజమే. తిరగబెట్టడం ఆగినా వైకల్యం నెమ్మదిగా పెరగడం ఆగలేదన్నమాట. ఈ రెండో నష్టానికి గట్టి మందు లేకపోవడమే ఇప్పటికీ పెద్ద లోటు. మొదటి నుంచీ వైకల్యం నెమ్మదిగా పెరుగుతూ పోయే ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకానికి 2017లో అనుమతి పొందిన ఓక్రెలిజుమాబ్ కూడా ట్రయల్‌లో వైకల్యం పెరిగే ముప్పును 24 శాతమే తగ్గించగలిగింది.

ఆ నెమ్మది నష్టం ఎక్కడ జరుగుతుంది?

మెదడు లోపలే, మూసిన తలుపుల వెనక. మెదడులో మైక్రోగ్లియా అనే కణాలుంటాయి. మామూలు రోజుల్లో చెత్తను శుభ్రం చేసి, నాడీకణాల బాగోగులు చూసే కణాలివి. ఎంఎస్‌లో పాత మచ్చల అంచుల చుట్టూ ఇవి గుంపుకట్టి, ఏళ్ల తరబడి ఉద్రేకస్థితిలో ఉండిపోతాయి. వాటిలో ఇనుము పేరుకుంటుంది కనుక ప్రత్యేక పద్ధతిలో తీసిన ఎంఆర్‌ఐలో మచ్చ చుట్టూ నల్లని అంచు కనిపిస్తుంది. అలాంటి మచ్చలు ఎక్కువగా ఉన్నవారిలో వైకల్యం తొందరగా పెరుగుతున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. మెదడు పొరల్లో తిష్ఠవేసిన బి కణాలు (యాంటీబాడీల తయారీకి మూలమైన రోగనిరోధక కణాలు) కూడా ఈ నిప్పు ఆరకుండా చూస్తాయి.

యాంటీబాడీ మందులు పెద్ద అణువులు. రక్తంలో ఉన్న మోతాదులో వెయ్యో వంతు ప్రాంతంలోనే వెన్నుపాము ద్రవంలోకి చేరతాయి. అందుకే లోపలికి వెళ్లగలిగే చిన్న అణువుల కోసం ఇంత వెతుకులాట.

బీటీకే అనే పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఏమిటది?

బ్రూటన్ టైరోసిన్ కైనేజ్. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే సైనిక వైద్యుడు, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ల పాలవుతున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో గామా గ్లోబ్యులిన్ (యాంటీబాడీలుండే ప్రొటీన్) లేదని గుర్తించాడు. దానికి కారణమైన జన్యువు 1993లో దొరికింది. అది తయారుచేసే ప్రొటీనే బీటీకే. అది లేకపోతే బి కణాలు ఎదగవు.

ఎంఎస్ పరిశోధకులకు దీని మీద ఆసక్తి కలగడానికి కారణం, ఈ ప్రొటీన్ బి కణాల్లోనూ మైక్రోగ్లియాలోనూ ఉండడం. బయటి దాడికీ లోపలి నిప్పుకూ ఒకే మీట దొరికినట్టయింది.

డిగ్రేడర్ అంటే ఏమిటి? మామూలు మందుకూ దీనికీ తేడా ఏమిటి?

మామూలు ఇన్‌హిబిటర్ ప్రొటీన్‌లోని పనిచేసే గాడిలో దూరి, అక్కడ కూర్చున్నంతసేపూ దాని పనిని ఆపుతుంది. ప్రొటీన్ మాత్రం కణంలోనే ఉంటుంది. డిగ్రేడర్ ఆ ప్రొటీన్‌నే లేకుండా చేస్తుంది.

అందుకు కణంలో ముందే ఉన్న ఏర్పాటును వాడుకుంటుంది. పనికిరాని ప్రొటీన్లకు కణం యుబిక్విటిన్ అనే చిన్న గుర్తును తగిలిస్తుంది. గుర్తు పడినదాన్ని ప్రోటియాసోమ్ అనే యంత్రాంగం ముక్కలు చేస్తుంది. ఈ వ్యవస్థను కనిపెట్టినందుకే ఆరన్ సీచనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఏ ప్రొటీన్‌కు గుర్తు వేయాలో నిర్ణయించేవి ఈ3 లైగేజ్‌లు. మన శరీరంలో ఇవి ఆరు వందలకు పైగా ఉన్నాయి.

డిగ్రేడర్ అణువుకు రెండు కొనలు, మధ్యలో లింకర్ అనే వంతెన ఉంటాయి. ఒక కొన బీటీకేను పట్టుకుంటుంది, రెండోది ఈ3 లైగేజ్‌ను. రెండూ పక్కపక్కకు రాగానే బీటీకే మీద గుర్తు పడుతుంది. డిగ్రేడర్ మాత్రం, సంబంధం కుదిర్చి మరో ఇంటి గడప తొక్కే మధ్యవర్తిలా, చెక్కుచెదరకుండా బయటపడి ఇంకో బీటీకే దగ్గరకు వెళుతుంది. ఒకే అణువు చాలా ప్రొటీన్లను తొలగించగలదు. మెదడులోకి చేరేది ఎప్పుడూ కొద్ది మోతాదే కాబట్టి ఈ గుణానికి ఇక్కడ ఎనలేని విలువ ఉంది.

ఇదంతా కొత్త ఆలోచనేనా?

పాతికేళ్ల వయసున్న ఆలోచన. క్రెయిగ్ క్రూస్, రేమండ్ డెషేస్ బృందాలు 2001లో ప్రోటాక్ అన్న పేరుతో మొదటి నమూనాను ప్రచురించాయి. మనుషుల్లో మొదటి ప్రోటాక్ పరీక్ష 2019లో, ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో మొదలైంది.

బీటీకే ఇన్‌హిబిటర్లను ఎంఎస్‌లో పరీక్షించారు కదా, ఏమైంది?

ఈ కథను ఓపికగా చదవాలి. డిగ్రేడర్ల మీద ఆశకూ, వాటి విషయంలో జాగ్రత్తకూ మూలం ఇక్కడే ఉంది.

ఎవోబ్రుటినిబ్ 2023 డిసెంబరులో విఫలమైంది. తిరగబెట్టడాన్ని తగ్గించడంలో అది పాత మందు టెరిఫ్లునోమైడ్‌ను మించలేకపోయింది. తర్వాతది మెదడులోకి బాగా చేరేలా తయారైన టోలెబ్రుటినిబ్. జెమిని పేరుతో జరిగిన రెండు ట్రయల్స్‌లో ఇదీ తిరగబెట్టే రేటులో టెరిఫ్లునోమైడ్‌ను దాటలేదు. కానీ హెర్క్యులీస్ అనే మరో ట్రయల్‌లో, తిరగబెట్టడం ఆగిపోయి వైకల్యం మాత్రం పెరుగుతూ ఉన్న 1,131 మందికి ఇచ్చి చూస్తే, ఆరు నెలల పాటు నిలిచిన వైకల్యం మందు తీసుకున్నవారిలో 22.6 శాతం మందికి, డమ్మీ మాత్ర తీసుకున్నవారిలో 30.7 శాతం మందికి కనిపించింది. ముప్పు 31 శాతం తగ్గింది.

ఈ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడండి. తిరగబెట్టడం మీద కొత్తగా మేలు చేయని మందు, నెమ్మది నష్టాన్ని తగ్గించింది. అవి రెండూ వేర్వేరు దారుల్లో జరుగుతున్నాయని, రెండో దారి మెదడు లోపల ఉందని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఆధారం ఇంతకు ముందు మనుషుల్లో దొరకలేదని నా అభిప్రాయం.

దాని పక్కనే చేదు కూడా ఉంది. టోలెబ్రుటినిబ్ తీసుకున్నవారిలో 0.5 శాతం మందికి మొదటి మూడు నెలల్లోనే కాలేయ ఎంజైములు సాధారణ గరిష్ఠ స్థాయికి ఇరవై రెట్లు దాటాయి. వారిలో ఒకరు కాలేయ మార్పిడి అనంతర సమస్యలతో మరణించారు. 2025 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుకు అనుమతి ఇవ్వలేదు. ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకంలో జరిగిన ట్రయల్ కూడా లక్ష్యాన్ని అందుకోలేదని అదే నెలలో తెలిసింది. మరోవైపు రోష్ సంస్థ మందు ఫెనెబ్రుటినిబ్ ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకంలో ఓక్రెలిజుమాబ్‌కు తీసిపోలేదని 2025 నవంబరులో ప్రకటించారు. కాబట్టి తలుపు మూసుకుపోలేదు. పూర్తిగా తెరుచుకోనూ లేదు.

ఆపడం కంటే తొలగించడం ఎందుకు మెరుగవుతుంది?

బీటీకే ఎంజైము పని ఒక్కటే చేయదు. ఇతర ప్రొటీన్లు వచ్చి ఆనుకోవడానికి ఆసరాగా కూడా నిలుస్తుంది. క్యాన్సర్ వైద్యంలో ఇది కళ్లకు కట్టినట్టు తెలిసింది. ఇన్‌హిబిటర్లకు లొంగని కొందరు ల్యుకేమియా రోగుల్లో బీటీకే మార్పు చెంది ఎంజైము శక్తి పోగొట్టుకుంది, అయినా సంకేతం మాత్రం ఆగలేదు. అలాంటి మార్పు చెందిన బీటీకేనూ డిగ్రేడర్లు తొలగించగలిగాయి.

రెండో కారణం కాలం. ప్రొటీన్ పోయాక కణం దాన్ని మళ్లీ తయారుచేసుకోవాలి. అందుకు పట్టే సమయమంతా, మందు శరీరం నుంచి వెళ్లిపోయాక కూడా, ప్రభావం నిలుస్తుంది.

మైక్రోగ్లియాలో ఆ ఆసరా పని ఎంత ముఖ్యమో మాత్రం రోగుల్లో పరీక్షిస్తేనే తేలుతుంది. ల్యుకేమియా కణంలో నిజమైనది మెదడు కణంలోనూ నిజమని ముందే అనుకోకూడదు.

అణువును మెదడులోకి పంపడం అంత కష్టమా?

ఈ రంగంలో పనిచేసే రసాయనశాస్త్రవేత్తలను ఎక్కువగా వేధించేది ఇదే. మెదడు రక్తనాళాల లోపలి కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. వాటి మధ్య నుంచి దారి లేదు. కణం గుండా వెళ్లాలంటే దాని కొవ్వు పొరను దాటాలి. దాటినదాన్ని కూడా పీ-గ్లైకోప్రొటీన్ వంటి పంపులు పట్టుకుని మళ్లీ రక్తంలోకి నెట్టేస్తాయి.

మెదడులోకి చేరే మాత్రలు సాధారణంగా 450 డాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) లోపు బరువుండి, హైడ్రోజన్ బంధాలు ఇవ్వగల చోట్లు ఒకటి రెండుకు మించకుండా ఉంటాయి. డిగ్రేడర్ లెక్క చూడండి. బీటీకేను పట్టుకునే భాగమే సుమారు 400. సెరెబ్లాన్ అనే ఈ3 లైగేజ్‌ను పట్టుకునే భాగం, అంటే థాలిడోమైడ్ బంధువులు, సుమారు 260. లింకర్ కలిపితే 700 నుంచి 1,000 వరకు వెళుతుంది. వీహెచ్‌ఎల్ అనే ఇంకో లైగేజ్‌ను ఎంచుకుంటే దాన్ని పట్టే భాగమే 470 దాకా ఉంటుంది. అందుకే మెదడు కోసం పనిచేసేవారు చాలావరకు సెరెబ్లాన్ వైపు మొగ్గుతారు.

బరువే సర్వస్వమైతే ఈ ప్రయత్నం ఎప్పుడో ఆగిపోయేది. ఫెనెబ్రుటినిబ్ బరువు 665 డాల్టన్లు, అయినా మెదడులోకి చేరుతుంది. అణువు ఎలా ముడుచుకుంటుందన్నదీ ముఖ్యమే. కొన్ని పెద్ద అణువులు నీటిలో విప్పారి ఉండి, కొవ్వు పొర దగ్గరకు రాగానే తమ హైడ్రోజన్ బంధాలను తమలోనే కలుపుకుని ధ్రువ (నీటికి ఇష్టమైన) భాగాలను లోపల దాచుకుంటాయి. పొర దాటాక మళ్లీ విచ్చుకుంటాయి. లింకర్‌ను పొడవాటి సాగే గొలుసుగా కాక పైపరిడిన్, పైపరజిన్ వలయాలతో పొట్టిగా, గట్టిగా నిర్మించడం వెనక ఇలాంటి లెక్కలే ఉన్నాయి. లింకర్‌లో ఒక్క పరమాణువు స్థానం మారితే మెదడులోకి చేరడం పెరగవచ్చు, అదే మార్పుతో బీటీకే తొలగడం ఆగిపోవచ్చు. ఒకదాన్ని బాగుచేస్తే ఇంకోటి చెడే ఈ పనికి ఏళ్లు పడుతున్నాయంటే ఆశ్చర్యం లేదు.

మోతాదు పెంచి ఇస్తే సరిపోదా?

సరిపోదు. డిగ్రేడర్ మరీ ఎక్కువైతే ఒక అణువు బీటీకేను, వేరొక అణువు లైగేజ్‌ను పట్టుకుని కూర్చుంటాయి. రెండింటినీ కలిపేది ఉండదు, తొలగింపు తగ్గిపోతుంది. శాస్త్రవేత్తలు దీన్ని హుక్ ప్రభావం అంటారు. పైగా మోతాదు పెరిగితే మిగతా శరీరం ఆ భారం మోయాలి.

మందు మెదడులోకి చేరిందని ఎలా నిర్ధారిస్తారు?

జంతువుల్లో ఎలా చేస్తారో ముందు చూద్దాం. మెదడు కణజాలాన్ని నూరి మొత్తం మందు ఎంతుందో కొలిస్తే మోసపోవచ్చు. మెదడులో కొవ్వు ఎక్కువ, అక్కడ అంటుకుపోయిన మందు ఏ పనీ చేయదు. నమూనాలో మిగిలిన రక్తంలోని మందు కూడా లెక్కలో కలిసిపోతుంది. అందుకే దేనికీ అంటుకోకుండా స్వేచ్ఛగా ఉన్న మందు రక్తంలో ఎంత, మెదడులో ఎంత అన్న నిష్పత్తిని చూస్తారు. డిగ్రేడర్ల విషయంలో ఇంకో గొప్ప సౌలభ్యం ఉంది: మైక్రోగ్లియాను వేరుచేసి వాటిలో బీటీకే ఎంత మిగిలిందో నేరుగా కొలవవచ్చు. మందు చేరిందా అన్న ప్రశ్నతో పాటు పని చేసిందా అన్న ప్రశ్నకూ జవాబు అక్కడే దొరుకుతుంది.

మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఆ దారి మూసుకుపోతుంది. మెదడు నుంచి ముక్క తీయలేం. వెన్నుపాము ద్రవం తీయవచ్చు, కానీ అందులో కణాలు చాలా తక్కువ. ఉన్నవాటిలో అధిక భాగం మరో రకం రోగనిరోధక కణాలైన టి కణాలు, టి కణాల్లో బీటీకే ఉండదు. అంటే ఏ ప్రొటీన్ తగ్గిందో చూడాలనుకుంటున్నామో, అది చేతికి దొరికిన నమూనాలో లేనే లేదు. అందువల్ల ద్రవంలో మందు స్థాయి, నాడీతంతువులు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే న్యూరోఫిలమెంట్ లైట్ చైన్ స్థాయి, ఎంఆర్‌ఐలో నల్లని అంచున్న మచ్చల మార్పు వంటి పరోక్ష ఆధారాల మీద ఆధారపడాల్సి వస్తుంది. ఈ కొలత సమస్యకు అణువు తయారీకి ఇచ్చినంత శ్రద్ధ ఇవ్వాలి. మందు విఫలమైతే అది లోపలికి చేరక విఫలమైందా, చేరినా ప్రయోజనం లేకపోయిందా అన్నది తెలియకపోతే, ట్రయల్‌కు శరీరం అప్పగించిన రోగుల త్యాగం సగం వృథా అయినట్టే.

మనుషుల మెదడులో పనిచేసినట్టు తేలిన డిగ్రేడర్ ఏదైనా ఉందా?

ఆశ కలిగించే ఆధారాలు రెండున్నాయి. న్యూరిక్స్ సంస్థ బీటీకే డిగ్రేడర్ బెక్సోబ్రుటిడెగ్, కేంద్ర నాడీవ్యవస్థలోకి వ్యాపించిన రక్త క్యాన్సర్లున్న కొందరు రోగుల్లో ఫలితం చూపింది. అయితే లింఫోమా గడ్డ ఉన్నచోట రక్తనాళాల అడ్డుగోడ తరచు చిల్లులు పడి ఉంటుంది. ఎంఎస్‌లోని పాత మచ్చల దగ్గర అది చాలావరకు మూసుకునే ఉంటుంది. ఇక్కడ దాటింది అక్కడా అంతే దాటుతుందన్న హామీ లేదు.

రెండోది ఆర్వినాస్ సంస్థ తయారుచేసిన ఏఆర్‌వీ-102. పార్కిన్సన్స్‌తో సంబంధమున్న ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే ప్రొటీన్ దీని లక్ష్యం. ఆరోగ్యవంతులైన వలంటీర్లకు నోటి ద్వారా ఇస్తే, వెన్నుపాము ద్రవంలో ఆ ప్రొటీన్ సగానికి పైగా తగ్గిందని 2025లో వెల్లడించారు. అడ్డుగోడ చెక్కుచెదరని మనుషుల్లో వచ్చిన ఫలితం కాబట్టి నాకు ఇదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 వెన్నుపాము ద్రవంలో కొలవడానికి దొరుకుతుంది, బీటీకే అలా దొరకదు. ఆ తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి.

ఎలుకల్లో బాగా పనిచేస్తే నమ్మకూడదా?

కొంతవరకే. ఎంఎస్ పరిశోధనలో ఎక్కువగా వాడే ఎలుక నమూనాలో మయలిన్ ప్రొటీన్ ఎక్కించి, రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి, జబ్బు తెప్పిస్తారు. అది బయటి నుంచి వచ్చే దాడికి మంచి నమూనా. ఏళ్ల తరబడి లోపల రగిలే నష్టాన్ని అది సరిగా చూపలేదు. ఎవోబ్రుటినిబ్ కూడా ఎలుకల్లో బాగానే పనిచేసింది.

గర్భం దాల్చే వయసులో ఉన్నవారికి ఇవి సురక్షితమా?

ఈ ప్రశ్నను ఏ కంపెనీ సమావేశంలోనైనా మొదటి వరుసలో ఉంచాలి. ఎంఎస్ ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. బాధితుల్లో స్త్రీలు పురుషుల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

సెరెబ్లాన్‌ను పట్టే భాగాలు థాలిడోమైడ్ వంశానివి. 1961లో మార్కెట్ నుంచి ఉపసంహరించే లోపు ఆ మందు వేలాది శిశువుల అవయవాలను దెబ్బతీసింది. అది సెరెబ్లాన్‌కు అతుక్కుంటుందని 2010లో, దానివల్ల పిండం ఎదుగుదలకు అవసరమైన సాల్4 అనే ప్రొటీన్ నాశనమవుతుందని 2018లో తెలిసింది. ఎలుకల సెరెబ్లాన్‌లో చిన్న తేడా ఉండడం వల్ల వాటిలో ఈ ప్రమాదం బయటపడదు. ఎలుకల పరీక్షల్లో ఏమీ కనిపించలేదంటే ఊరట చెందడానికి వీల్లేదన్నమాట. నేటి డిగ్రేడర్లను సాల్4 జోలికి పోకుండా మలచగలుగుతున్నారు. కణంలోని వేలాది ప్రొటీన్లను ఒకేసారి కొలిచి, అనుకున్నది తప్ప వేరేవి తగ్గలేదని చూపిస్తున్నారు. క్యాన్సర్ మందుకు సరిపోయే భద్రత ఇక్కడ సరిపోదు. దశాబ్దాల పాటు యువతులు వాడాల్సిన మందు ఇది.

బీటీకేను పూర్తిగా తొలగిస్తే ప్రమాదం లేదా?

పుట్టుకతోనే బీటీకే లేనివారి జీవితాలు కొంత సమాధానం ఇస్తాయి. ఇమ్యునోగ్లోబ్యులిన్ చికిత్సతో వారు పెద్దవారై బతుకుతున్నారు. అయితే వారిలో కొందరికి ఎంటరోవైరస్‌లు మెదడుకు సోకి, విడవని మెనింగోఎన్‌సెఫలైటిస్ (మెదడు, దాని పొరల వాపు) వస్తుంది. మెదడు లోపలా బయటా బీటీకేను ఏళ్ల తరబడి తగ్గించే మందు విషయంలో దీన్ని మరిచిపోకూడదు. ఇంకో సందేహం మైక్రోగ్లియా చేసే మంచి పని గురించి. రాలిన మయలిన్ శకలాలను శుభ్రం చేయాల్సినవి అవే. వాటిని మరీ నిద్రపుచ్చితే ఆ పని కుంటుపడవచ్చు. ఎంత తగ్గిస్తే మేలో, ఎక్కడ ఆపాలో తేల్చాల్సి ఉంది.

కాలేయం సమస్య డిగ్రేడర్లతో తప్పుతుందా?

ఇన్‌హిబిటర్లు కాలేయాన్ని ఎందుకు దెబ్బతీస్తున్నాయో కచ్చితంగా తేలలేదు. కారణం తేలనిదే తప్పుతుందని చెప్పడం బాధ్యత అనిపించుకోదు. మొదటి నెలల్లో తరచు రక్తపరీక్షలు తప్పవు.

పోయిన శక్తి తిరిగి వస్తుందా?

ఈ మందుల ఉద్దేశం అది కాదు. జరగబోయే నష్టాన్ని తగ్గించడమే లక్ష్యం. మయలిన్‌ను తిరిగి నిర్మించే ప్రయత్నాలు వేరుగా జరుగుతున్నాయి.

ఎప్పటికి అందుబాటులోకి వస్తాయి?

ఎంఎస్ కోసం అనుమతి పొందిన ప్రోటాక్ నేటికి ఒక్కటీ లేదు. తేదీ చెప్పేవారిని నమ్మకండి. కాలమానం కోసం ఒక కొలత ఇస్తాను: హెర్క్యులీస్ ట్రయల్ 2020లో మొదలై 2024లో ఫలితం ఇచ్చింది. అది మూడో దశ ఒక్కటే. వైకల్యం నెమ్మదిగా పెరిగేది కనుక దాన్ని తగ్గించామని చూపడానికీ అంత కాలం పట్టక తప్పదు.

అప్పటిదాకా ఇప్పటి మందు ఆపి ఎదురుచూడవచ్చా?

దయచేసి ఆ పని చేయకండి. కొన్ని మందులు, ముఖ్యంగా నటాలిజుమాబ్, ఫింగోలిమాడ్ వంటివి హఠాత్తుగా మానేస్తే వ్యాధి మునుపటి కంటే తీవ్రంగా తిరగబెట్టవచ్చు. పోయిన నాడీతంతువును రేపు వచ్చే ఏ డిగ్రేడరూ తెచ్చివ్వలేదు. మార్పు కావాలనిపిస్తే మీ న్యూరాలజిస్టుతో మాట్లాడి, ఒక మందు నుంచి ఇంకోదానికి మారే పద్ధతిని ముందే నిర్ణయించుకోండి.

కొత్త డిగ్రేడర్ గురించి వార్త వస్తే అందులో ఏం వెతకాలి?

ముందు, ఫలితం ఎలుకలదా మనుషులదా చూడండి. మనుషులదైతే ప్రొటీన్ తగ్గింది రక్తంలోనా, వెన్నుపాము ద్రవంలోనా? రక్త కణాల్లో 90 శాతం తగ్గిందన్న మాట మెదడు గురించి ఏమీ చెప్పదు. తర్వాత దేనితో పోల్చారో చూడండి: డమ్మీ మాత్రతోనా, టెరిఫ్లునోమైడ్‌తోనా, ఓక్రెలిజుమాబ్‌తోనా? మూడింటి బరువూ వేరు. కొలిచింది తిరగబెట్టే రేటా, ఆరు నెలలు నిలిచిన వైకల్యమా అన్నది ఆపైన చూడాలి. కాలేయ పరీక్షల వివరాలు సాధారణంగా ప్రకటన చివరి పేరాల్లో ఉంటాయి. అక్కడిదాకా చదవండి.